నొప్పిమందులును థైరాయిడ్ గ్రంథియును

శ్రోతలారా, తలనొప్పికో, కీళ్లనొప్పికో, నడుమునొప్పికో ఎన్నడును మాత్ర మ్రింగని మనిషి నేడు కానరాడు. అట్లే, థైరాయిడ్ గ్రంథి మందగించినదని వైద్యుడు చెప్పగా ప్రతిదినము ప్రాతఃకాలమున పరగడుపున చిన్నమాత్ర యొకటి వేసికొనువారు లేని వీధియు కానరాదు. ఈ రెండు మందులును ఒకే యింటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి తలగడవద్ద నుండుట చూచినప్పుడు, మొదటిది రెండవదానికి కారణమైనదేమో యను సందేహము పుట్టుట సహజము. నొప్పిమందులవలన కలిగినవని లోకమునుండి నివేదింపబడిన దుష్ఫలితముల పట్టికలలో థైరాయిడ్ మాంద్యమును ఒక పేరుగా కనబడుచున్నది. ఈ అభియోగము నిన్న మొన్నటిది కాదు. డెబ్బదియేండ్లకు పైబడిన వ్యాజ్యమిది. అందు కొన్ని మందులు నిజముగా దోషులని తేలినవి. కొన్ని నిర్దోషులయ్యును చాలకాలము నిందపడినవి. ఈ వ్యాజ్యముయొక్క చరిత్రను వివరించి, దానినుండి మనము నేర్వదగినదేమో చూపుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా గ్రంథిని గూర్చి కొంత చెప్పవలెను. కంఠము ముందుభాగమున, శ్వాసనాళమున కిరువైపుల రెక్కలు చాచిన సీతాకోకచిలుకవలె నుండునది థైరాయిడ్ గ్రంథి. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. ఆహారముతోను నీటితోను మనకు లభించు అయొడిన్‌ను రక్తమునుండి గ్రహించి, దానిని మాంసకృత్తులోని ఒక అంశముతో జతపఱచి, థైరాక్సిన్ మొదలగు హార్మోనులను తయారుచేయుట దీని పని. శరీరములోని ప్రతి కణమును ఎంత వేగముతో పనిచేయవలెనో ఈ హార్మోనులు నిర్ణయించును. గ్రంథి మందగించినచో మనిషి యావత్తు మందగించును. అలసట, చలికి ఓర్వలేమి, చర్మము పొడిబారుట, ముఖము ఉబ్బుట, కంఠస్వరము బొంగురుపోవుట, మలబద్ధము, మతిమఱపు—ఇవి దాని లక్షణములు. వీనితోపాటు కండరముల నొప్పులు, పట్టివేతలు, కీళ్ల బిగువు కూడ కలుగును. ఈ చివరి లక్షణమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. మన కథలో నిది ముఖ్యపాత్ర వహించును.

ఈ వ్యాధి మనుష్యులకు ప్రాచీనమే కాని, వైద్యులకు క్రొత్తది. 1873వ సంవత్సరమున లండనునగరమున సర్ విలియం గల్ అను వైద్యుడు, వయసువచ్చిన స్త్రీలలో క్రమక్రమముగా కనబడు ఒక విచిత్రమైన జడస్థితిని వర్ణించెను. 1878లో విలియం ఆర్డ్ అనునతడు దీనికి మిక్సిడీమా యని పేరిడెను. కాని కారణ మేమియో వారిరువురికిని తెలియలేదు. కారణము మఱొక దిక్కునుండి బయటపడెను. స్విట్జర్లాండు కొండప్రాంతములలో గళగండము విస్తారముగా నుండెడిది. బెర్న్ నగరమున థియోడర్ కోకర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఆ కంతులను మిగుల నేర్పుతో కోసి తీసివేయుచుండెను. గ్రంథిని పూర్తిగా తీసివేసిన రోగులు కొంతకాలమునకు మందులై, ఉబ్బి, తెలివి తప్పినవారివలె నగుచున్నారని ఆయన 1883లో ప్రకటించెను. గ్రంథి లేనిచో మిక్సిడీమా వచ్చునన్న సంగతి ఇట్లు వెల్లడియయ్యెను. లండను వైద్యసంఘ మొకటి నూటికి పైగా రోగులను విచారించి, 1888లో దీనిని ధ్రువపఱచెను.

కారణము తెలిసిన మూడేండ్లకే చికిత్సయు దొరకెను. 1891లో న్యూకాజిల్ నగరమున జార్జి ముఱ్ఱే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ రసమును ఒక స్త్రీకి సూదిమందుగా ఇచ్చెను. ఆమె ఆ చికిత్సతో మఱి 28 సంవత్సరములు జీవించెను. 1895లో బౌమన్ అను జర్మను రసాయనజ్ఞుడు ఆ గ్రంథిలో అయొడిన్ కలదని కనుగొనెను. 1914లో అమెరికాయందు కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధరూపమున వేఱుచేసెను. 1926, 1927 సంవత్సరములలో ఇంగ్లండునందు హారింగ్టన్ దాని నిర్మాణమును తెలిసికొని, ప్రయోగశాలలో తయారుచేసెను. నేడు మనవారు పరగడుపున వేసికొను మాత్ర ఆ పరంపరకు చెందినదే.

ఇక నొప్పిమందుల వంశచరిత్ర. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఆంగ్ల మతాచార్యుడు, విల్లో యను చెట్టుబెరడు పొడిని సుమారు ఏబదిమంది చలిజ్వరపీడితుల కిచ్చి గుణము కనుగొంటినని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. 1838లో పిరియా యను ఇటలీ రసాయనజ్ఞుడు ఆ బెరడుసారమునుండి సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసెను. 1874 నాటికి జర్మనీలో కోల్బే కనుగొన్న పద్ధతివలన అది చెట్టుతో పనిలేకయే కర్మాగారములలో తయారు కాజొచ్చెను. 1876లో డండీ నగర వైద్యుడు మక్లగన్, విల్లో సారమును మొదట తానే మ్రింగి చూచుకొని, పిదప కీళ్లవాతజ్వరముతో బాధపడువారి కిచ్చి, వారి నొప్పులు త్వరలో శమించుట చూచెను. అయితే ఆ ఆమ్లము కడుపును మండించెడిది. ఆ మంటను తగ్గించు రూపమునకై జర్మనీలోని బేయర్ కర్మాగారమున ప్రయత్నములు జరిగినవి. 1897లో అచ్చటి ఫెలిక్స్ హాఫ్మన్ శుద్ధమైన అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసెను. 1899లో దానికి ఆస్పిరిన్ అను పేరు వచ్చెను.

ఇచ్చట ఒక చిత్రమైన కాకతాళీయమును మనవి చేసెదను. అదే 1897వ సంవత్సరమున, అదే జర్మనీలో, యోహాన్ హాఫ్మన్ అను మఱియొక హాఫ్మన్, థైరాయిడ్ తీసివేయబడిన పిమ్మట కండరములు బిగిసికొనిపోయిన ఒక రోగిని గూర్చి ప్రకటించెను. ఆ కండరవ్యాధికి నేటికిని హాఫ్మన్ పేరే వాడుకలో నున్నది. ఒక హాఫ్మన్ నొప్పికి మందు చేసెను. మఱొక హాఫ్మన్ ఆ గ్రంథి లేమియే కండరములను బాధించునని చూపెను. మొదటి సంగతి లోకమంతట వ్యాపించెను. రెండవది వైద్యగ్రంథములలో నిలిచిపోయెను. ఆ రెండింటిని కలిపి ఆలోచింపకపోవుటయే తరువాత వచ్చిన అనేక భ్రమలకు మూలము.

మందులు గ్రంథిని అణచగలవన్న జ్ఞానము 1940 ప్రాంతమున స్థిరపడెను. 1941లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున మకెంజీ దంపతులు ఒక సల్ఫా మందును ఎలుకలకు పెట్టగా, వాని థైరాయిడ్ గ్రంథులు పెద్దవయ్యెను. గ్రంథి పెద్దదైనచో ఎక్కువగా పనిచేయుచున్నదని మనము తలంతుము. కాని అచ్చట జరిగినది దానికి విరుద్ధము. మందు లోపల హార్మోను తయారీని అడ్డగించుచుండగా, మెదడుక్రింద నుండు పీయూషగ్రంథి ఆ కొఱతను గుర్తించి, పనిచేయుమని థైరాయిడ్‌ను పదేపదే హెచ్చరించుచుండెను. పాపము గ్రంథి పెరిగెను గాని హార్మోనును తయారుచేయలేకపోయెను. బోస్టనులో ఆస్ట్‌వుడ్ ఈ సంగతిని గ్రహించి, 1943లో థయోయురాసిల్ అను మందుతో మితిమీరి పనిచేయు థైరాయిడ్‌కు చికిత్స చేసెను. ఇట్లు ఒక దుష్ఫలితమే మఱొక వ్యాధికి ఔషధమయ్యెను.

ఈ జ్ఞానము చేతికి వచ్చిన తరువాత వైద్యులు ఇతర మందులను గూడ అనుమానముతో చూడసాగిరి. 1950లో లండనులో బుల్, ఫ్రేజర్ అను వైద్యులు ఒక ఆశ్చర్యకరమైన సంగతిని వెలువరించిరి. కాలిపుండ్లకు రిసార్సిన్ కలిసిన లేపనమును నెలలతరబడి పూసికొన్న రోగులకు మిక్సిడీమా వచ్చినది. పైపూత మందు కంఠగ్రంథిని ఎట్లు తాకెను? పుండ్లగుండా అది రక్తములో ప్రవేశించి, అయొడిన్‌ను జతపఱచు పనిని గ్రంథిలో అడ్డగించెను. పూత మానగా రోగము నయమయ్యెను. అదే కాలమున ఎలుకలలో చేసిన పరీక్షయు దీనినే చూపెను: రేడియోధార్మిక అయొడిన్‌ను ఇచ్చి చూడగా, రిసార్సిన్ తిన్న ఎలుకల గ్రంథులు దానిని సరిగా గ్రహింపలేకపోయెను. శ్రోతలు గమనింపవలెను: ఇచ్చట నేరము మూడువిధముల రుజువైనది. మందు వాడగా వ్యాధి వచ్చినది, మానగా పోయినది, ఎట్లు వచ్చినదో ప్రయోగమున తెలిసినది.

రెండవ దోషి నొప్పిమందుల కుటుంబములోనిదే. 1949లో ఫినైల్ బ్యుటజోన్ అనునది కీళ్లవ్యాధులకు, ముఖ్యముగా వెన్నెముక బిగిసిపోవు వ్యాధికి, వాడుకలోనికి వచ్చినది. దాని గుణము గొప్పది. కీర్తియు త్వరలో వ్యాపించెను. 1950 దశకముననే అది థైరాయిడ్ గ్రంథి అయొడిన్‌ను గ్రహించుటను తగ్గించునని పరిశోధకులు కనుగొనిరి. కొందరిలో గ్రంథి వాచుటయు, మందగించుటయు చూడబడెను. కాని ఈ మందు పతనమునకు థైరాయిడ్ కారణము కాదు. ఎముకమూలుగును చెఱచి, రక్తకణములు పుట్టకుండ చేయు ప్రమాద మంతకంటె ఘోరముగా నుండుటచేత, 1980 దశకమున అనేక దేశములలో మనుష్యులకు దాని వాడకమును నిషేధించుటయో, మిక్కిలి పరిమితము చేయుటయో జరిగెను. నేడది అధికముగా గుఱ్ఱముల వైద్యమునకే మిగిలియున్నది.

మూడవ దోషి ఆస్పిరిన్‌కు దాయాదియైనను నొప్పిమందు కాదు. దాని పుట్టుక వినదగినది. 1940లో అమెరికా శాస్త్రజ్ఞుడు బెర్న్‌హైమ్, సాలిసిలిక్ ఆమ్లమును తగిలించినచో క్షయ క్రిములు ఎక్కువ ప్రాణవాయువును పీల్చుకొనునని కనుగొనెను. స్వీడనులోని లేమన్ దానిని చదివి, ఆ ఆమ్లముయొక్క రూపమును కొంచెము మార్చి క్రిమికి పెట్టినచో అది మోసపోవునని ఊహించెను. అట్లు పుట్టిన పారా అమినో సాలిసిలిక్ ఆమ్లము 1946లో క్షయ ఔషధముగా ప్రకటింపబడెను. మన మదరాసు నగరమున 1956లో స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు ఈ మందును, ఐసోనియాజిడ్ అను మఱొక మందును కలిపి పేదరోగులకు ఇంటివద్దనే ఇచ్చి, ఆసుపత్రిలో నుంచి చేసిన చికిత్సకు అది తీసిపోదని 1959లో నిరూపించిరి. లోకమంతటను క్షయ చికిత్సాపద్ధతిని మార్చిన ఘనకార్యమది.

ఈ ఔషధమును దినమునకు 10, 12 గ్రాముల వఱకు నెలలతరబడి తినవలసియుండెను. కొందరికి కంఠము వాచి, గ్రంథి మందగించెను. ఇదియు అయొడిన్ జతపఱచు పనిని అడ్డగించుచున్నదని తేలెను. కాని ఆ కారణముచేత ఎవ్వరును క్షయ మందును మానుమనలేదు. మానినచో ప్రాణమే పోవును. వైద్యులు థైరాక్సిన్‌ను తోడుగా ఇచ్చి, క్షయచికిత్సను ముగింపజేసిరి. మొండి క్షయకు ఈ మందునో, దీనితో ఎథియోనమైడ్ అను మందునో ఇయ్యవలసివచ్చినప్పుడు థైరాయిడ్ పరీక్షను చేయించుచుండుట నేటికిని నియమము. దుష్ఫలిత ముండుట వేఱు, మందు మానవలసియుండుట వేఱు అను వివేకమును ఈ కథ బోధించుచున్నది.

ఇప్పుడు అసలు ముద్దాయి యగు ఆస్పిరిన్ వంతు. రిసార్సిన్ దోషియని తేలెను. పారా అమినో సాలిసిలిక్ ఆమ్లము దోషియని తేలెను. వానికి చుట్టమైన ఆస్పిరిన్ మాత్ర మెట్లు నిర్దోషియగును? కీళ్లవాతమునకు ఆస్పిరిన్‌నుగాని, సాలిసిలేట్ లవణములనుగాని దినమునకు చాల గ్రాములు తినుచున్న రోగుల రక్తమును పరీక్షించినప్పుడు ఆ అనుమానము బలపడెను. ఆ కాలమున గ్రంథిస్థితిని తెలిసికొనుటకు రక్తములో మాంసకృత్తులతో కూడియున్న అయొడిన్‌ను కొలిచెడివారు. ఈ రోగులలో ఆ కొలత తఱిగియుండెను. గ్రంథి అయొడిన్‌ను గ్రహించుటయు తఱిగియుండెను. 1958లో ఆస్టెన్, ఉల్ఫ్ మున్నగు అమెరికా పరిశోధకులు ఈ విషయమును గూర్చి రెండు వ్యాసములు ప్రకటించిరి. మొదటి వ్యాసముయొక్క శీర్షికలోనే థైరాయిడ్ పని అణగుట యను మాట కలదు.

ఐనను ఒక చిక్కు మిగిలెను. మిక్సిడీమా రోగి శరీరము చల్లబడియుండును. ప్రాణవాయువును తక్కువగా వినియోగించును. సాలిసిలేట్ అధికముగా తిన్నవానియందు దీనికి విరుద్ధముగా ప్రాణవాయు వినియోగము పెరుగుచుండెను. రక్తములోని అంకె మిక్సిడీమాను చెప్పుచుండగా, మనిషి దేహము దానిని కాదనుచుండెను. అంకెను నమ్మవలెనా, మనిషిని నమ్మవలెనా?

1959 ప్రాంతమున డెన్మార్కు పరిశోధకుడు క్రిస్టెన్‌సన్ ఈ చిక్కును విప్పుటకు మార్గము చూపెను. దానిని గ్రహించుటకు మన పల్లెటూళ్లలోని గాదెను తలచుకొనవలెను. సంసారికి సంవత్సరపు ధాన్యము గాదెలో నుండును. ఆ పూట వండుకొను బియ్యము చేటలో నుండును. ఆకలి తీర్చునది చేటలోనిదే. రక్తములోని థైరాక్సిన్ స్థితియు నిట్టిదే. పదివేల పాళ్లలో సుమారు మూడు పాళ్లు మాత్రమే విడిగా నుండి కణములకు పనికివచ్చును. తక్కినదంతయు కొన్ని మాంసకృత్తులను అంటిపెట్టుకొని, గాదెలోని ధాన్యమువలె నిలువయుండును. ఆస్పిరిన్ ఆ మాంసకృత్తుల మీద థైరాక్సిన్ కూర్చుండు చోటనే తాను కూర్చుండి, దానిని వెడలగొట్టును. మొదట విడి హార్మోను కొంచెము పెరుగును. పీయూషగ్రంథి అది చూచి హెచ్చరికను తగ్గించును. థైరాయిడ్ కొంత విశ్రమించును. కొలదికాలమునకు లెక్క సరిపడును: నిలువ తఱిగియుండును గాని, చేటలోని బియ్యమునకు లోటు రాదు. గాదెను మాత్రమే తొంగిచూచినవాడు ఈ యింట కఱవు వచ్చినదని చెప్పును. లోపలికి పోయి చూచినచో అందరును భోజనము చేయుచునే యుందురు.

తరువాతి సాధనములు ఈ వివరణమును బలపఱచినవి. 1965 ప్రాంతమునుండి పీయూషగ్రంథి పంపు హెచ్చరిక హార్మోనునే రక్తములో కొలుచుటకు వీలయ్యెను. నేడు ప్రయోగశాలలలో టి.ఎస్.హెచ్. అని వాడుక. గ్రంథి నిజముగా మందగించినచో ఇది పెరుగవలెను. ఆస్పిరిన్ తిన్నవారిలో నది పెరుగదు. 1972లో లార్సెన్ అను అమెరికా వైద్యుడు సాలిసిలేట్ వలన విడి హార్మోను అధికమగుటను చూపెను. 2003లో అమెరికా వైద్యులు స్వస్థులైన మనుష్యులకు వేర్వేఱు నొప్పిమందులనిచ్చి పరీక్షించిరి. ఆస్పిరిన్, సాల్సలేట్ అను రెండును హార్మోను కొలతలను తగ్గించెను. ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఇండోమెథసిన్ అనునవి చెప్పదగిన మార్పు తేలేదు. 1950 దశకమునుండి ఇంటింట ప్రవేశించిన పారాసిటమాల్ గ్రంథిని మందగింపజేయునని రుజువైన నిదర్శనము లేదు. కావున అసలు ముద్దాయి చేసినది గ్రంథికి హాని కాదు. పరీక్షాపత్రమునకు మాఱుపాటు మాత్రమే.

అట్లైనచో నొప్పిమందు తినుచున్నవారిలో ఇంతమందికి థైరాయిడ్ మాంద్యము కనబడుట యెట్లు? దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది లెక్కకు సంబంధించినది. 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మన దేశమందలి 8 మహానగరములలో 5,000కు పైగా వయోజనులను పరీక్షింపగా, నూటికి సుమారు 11 మందికి థైరాయిడ్ మాంద్యము కలదని తేలెను. ఆ నగరములలో హైదరాబాదు నొకటి. నూటికి పదునొకండుగురి కున్న వ్యాధియు, నూటికి నూరుగురును ఏదో యొకనాడు తిను మాత్రయు ఒకే మనిషియందు కలియుటకు వేఱు కారణమే అక్కఱలేదు. కొబ్బరితోటలలో నడచు వారిపై కాకులు ఎగురుచునే యుండును. కాయ పడినప్పుడెల్ల కాకినే తప్పుపట్టరాదు.

రెండవ సమాధానము గంభీరమైనది. యోహాన్ హాఫ్మన్ రోగిని మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గ్రంథి మందగించుట తెలియకమునుపే కండరములు నొచ్చును, కీళ్లు బిగియును, చేతివ్రేళ్లు తిమ్మిరెక్కును. మనిషి దానిని వాతమనియో, వయసనియో, ఇంటిచాకిరి యనియో తలచి నొప్పిమాత్రలు వేసికొనును. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచును. తుదకొకనాడు రక్తపరీక్ష చేయగా థైరాయిడ్ మాంద్యము బయటపడును. అప్పుడు వెనుకకు తిరిగి చూచినవారికి మాత్ర ముందు, వ్యాధి వెనుక అని తోచును. నిజమునకు వ్యాధియే ముందు, మాత్ర వెనుక. ఇటువంటి చోట మాత్రను నిందించుట చిన్నతప్పు. అంతకాలము నొప్పికి మూలమును వెదకకుండుట పెద్దతప్పు. ఇంటిపని ఆపకుండ, నొప్పిని ఎవరితోను చెప్పుకొనకుండ, మాత్రతో నెట్టుకొనివచ్చు మన గృహిణులు ఈ పొరపాటునకు ఎక్కువగా బలియగుచున్నారు; ఏలయన ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే అధికము.

ఇక దుష్ఫలితముల నివేదికలను గూర్చి ఒక మాట. థాలిడొమైడ్ అను మందువలన అంగవైకల్యముతో శిశువులు పుట్టినారని 1961లో లోకమునకు తెలిసిన పిమ్మట, మందులవలన కలుగు చెడుగులను ఎప్పటికప్పుడు తెలిసికొను ఏర్పాటులు పుట్టినవి. 1964లో ఇంగ్లండునందు పసుపుపచ్చని కార్డుల పద్ధతి యారంభమయ్యెను. 1968లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుదేశములకు ఉమ్మడి పద్ధతిని నెలకొల్పెను. 1978 నుండి స్వీడనులోని ఉప్సాలా నగరము దానికి కేంద్రమైనది. మన దేశమున 2010లో ఇట్టి జాతీయ కార్యక్రమము ఏర్పడినది. ఘజియాబాదునందలి భారత ఔషధసంహితా సంఘము దానికి కేంద్రము. ఇవి మిక్కిలి ఉపయుక్తములు. కాని నివేదిక యనునది ఫిర్యాదు వంటిది, తీర్పు కాదు. ఈ మందు తిన్నవానికి ఈ వ్యాధి కనబడినది అనుటయే దాని అర్థము. ఈ మందువలననే ఈ వ్యాధి వచ్చినదనుట దానినుండి తేలదు. ఫిర్యాదు లేనిచో విచారణ లేదు. విచారణ లేకుండ ఫిర్యాదునే తీర్పుగా గ్రహించినచో న్యాయము లేదు. రిసార్సిన్ విషయమున ఫిర్యాదు నిజమయ్యెను. ఆస్పిరిన్ విషయమున అది పరీక్షాపత్రమునందలి నీడ యని తేలెను. రెండింటిని వేఱుచేసినది ఓపికతో కూడిన విచారణయే.

ఈ భేదము పండితుల వినోదమునకు మాత్రమే కాదు. నీడను చూచి వ్యాధి యనుకొన్నచో, ఆవశ్యకత లేని థైరాక్సిన్ మాత్రను ఆజన్మాంతము తినవలసివచ్చును. అక్కఱలేని థైరాక్సిన్ గుండెదడను పుట్టించును, వృద్ధులలో ఎముకల బలమును తగ్గించును. గుండెజబ్బు మఱల రాకుండుటకై వైద్యుడు చిన్నమోతాదుగా ఇచ్చిన ఆస్పిరిన్‌ను థైరాయిడ్ భయముచేత తనంత తానే మానినవాడు, లేని అపాయమునుండి తప్పించుకొనబోయి ఉన్న అపాయములో పడును. మఱొకవైపు, నొప్పిమందులు అమాయకములని గూడ తలపరాదు. అవి కడుపులో పుండ్లను కలిగించుట, మూత్రపిండములను చెఱచుట రుజువైన సంగతులు. వాని నిజమైన నేరము అచ్చట నుండగా, మనము కంఠమువద్ద వెదకుచున్నాము.

కావున చేయదగినది స్వల్పము. థైరాయిడ్ పరీక్షకు పోవునప్పుడు తాను తినుచున్న మందులన్నిటిని, అంగడిలో చీటీలేకుండ కొన్న నొప్పిమాత్రలను గూడ, వైద్యునితో చెప్పవలెను. హార్మోను తఱిగినదని పత్రము చెప్పినప్పుడు టి.ఎస్.హెచ్. ఏమి చెప్పుచున్నదో అడుగవలెను. పొంతన లేనిచో మరల పరీక్షింపవలెను. వైద్యు డిచ్చిన మందును ఆయనతో చెప్పకుండ మానరాదు. వారములు గడచినను తీఱని ఒంటినొప్పులకు, వానితో అలసటయు చలియు తోడైనప్పుడు, మఱొక మాత్ర కొనుటకు ముందు గ్రంథిని పరీక్షింపించుకొనవలెను.

విలియం గల్ నాటినుండి నేటివఱకు నూటయేబదియేండ్ల ఈ చరిత్రలో వైద్యులు గెలిచిన ప్రతిచోటను ఒకే గుణము కనబడుచున్నది: ఏది ముందు, ఏది వెనుక యని వారు అడిగిరి. గ్రంథిని తీసిన తరువాత జడత్వము వచ్చినదా? లేపనము మానగా జబ్బు పోయినదా? అంకె తఱిగినప్పుడు మనిషియు తఱిగినాడా? ఈ ప్రశ్నలకు పెద్ద చదువు అక్కఱలేదు. తన నొప్పి ఎన్నడు మొదలైనది, మాత్ర ఎన్నడు మొదలైనది అను రెండు తేదీలను జ్ఞాపకముంచుకొని వైద్యునితో చెప్పగల రోగి ఈ విచారణలో సగము పనిని తానే ముగించినవాడగును.